గోడ కార్చిన పుణ్యం

"ఒక్క బకెట్టు వదినా. పొయ్యి మీద బీన్సు మాడిపోతున్నాయి," అంది హోవిత, గేటు బయట నిలబడి.

"ఒక్క చెంబు కూడా లేదు. శనివారం మా మనవరాలి పదిహేనో పుట్టినరోజు. వీధి వీధంతా మా ఇంట్లోనే తింటుంది. నీకు పోసేస్తే వాళ్ల చేతులు దేంతో కడగను?" అంది క్రెసెన్సియా.

ఇస్తపలాపా పేటలో, ఆ కొండవాలులో వీధి కుళాయి వారానికోసారి దగ్గుతుంది, అంతే. క్రెసెన్సియా పది చోట్ల తిరిగి, బతిమాలి, ట్యాంకరు తెప్పించి నిన్ననే వాకిట్లో సంపు నింపించుకుంది. మూతకు తాళం వేసింది. ఇంట్లోవాళ్లు మొహం కడుక్కోవాలన్నా ఆవిడ అనుమతి కావాలి.

మర్నాడు పొద్దున, ఇంటి వెనక, పల్లంలో ఉన్న సందువైపు రాతిగోడ చెమ్మగిల్లింది. మధ్యాహ్నానికి ధార కట్టింది. చల్లటి తేటనీళ్లు. క్రెసెన్సియా పరుగున వచ్చి, దోసిలితో తాగి, గోడకింద గ్వాడలూపే మాత పటం పెట్టి కొవ్వొత్తి వెలిగించింది. సందంతా పోగైంది.

హోవిత మొగుడు తిబుర్సియో ఆ చుట్టుపక్కల పైపులు బాగుచేసేవాడు. అతనొచ్చి గోడకు అరచెయ్యి ఆనించాడు. రాళ్ల సందులో వేలితో గీరితే సున్నం ముద్దగా ఊడి వచ్చింది.

"అక్కా, ఇది రేపటిదాకా ఆగే పని కాదు. గోడ ఉబ్బుతోంది. ఇవాళే రాళ్లు విప్పి, కారేచోటు మూసెయ్యాలి."

"ముయ్యడానికి నీకు చేతులెలా వస్తాయయ్యా? ఊరంతా ఎండిపోతుంటే ఆ తల్లి కొండలోంచి ఊట పంపింది. నిన్న నీ పెళ్లానికి బకెట్టు నీళ్లివ్వలేదని కదా ఈ కడుపుమంట?"

"కడుపుమంట కాదక్కా. అసలీ నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయంటే..."

"ఎక్కణ్ణించో నాకు తెలుసు. నువ్వు చెప్పక్కర్లేదు. ఈ గోడ మీద చెయ్యేస్తే ఆ చెయ్యి విరగ్గొడతాను."

జనం కూడా ఆవిడ పక్కే చేరారు. నీళ్లొచ్చే చోటు మూస్తానన్న మనిషిని ఆ కొండ మీద ఎవరు సమర్థిస్తారు? తిబుర్సియో గోడవంక చూశాడు, జనంలో నిలబడ్డ పెళ్లాంవంక చూశాడు, సామాన్లు సర్దుకుని వెళ్లిపోయాడు. కాసేపటికి రెండు ఖాళీ డ్రమ్ములు దొర్లించుకుంటూ వచ్చి వరసలో నిలబడ్డాడు.

ఆ తర్వాత క్రెసెన్సియా వైభోగం చూడాలి. గోడపక్కన కుర్చీ వేయించుకుని కూర్చునేది. "పట్టుకోండమ్మా, కావలసినన్ని పట్టుకోండి. నీళ్ల దగ్గర నాకు పిసినారితనం లేదు," అనేది. అడిగితే చెంబు కూడా దులపని మనిషి నోట ఆ మాట విని నవ్వుకున్నవాళ్లు కూడా బిందె నింపుకునే వెళ్లారు. తన ఇంట్లో వంటకీ స్నానాలకీ కూడా గోడ నీళ్లే వాడించింది. ఊట ఉండగా సంపు ముట్టుకోవడమెందుకు? అందరికంటే ఎక్కువసార్లు వచ్చింది హోవితే. పాత మాటేదీ ఎత్తలేదు. "మా బంగారు వదిన" అంటూ మోసుకుపోయింది.

శనివారం తెల్లారేసరికి గోడ ఎండిపోయింది.

"పోన్లే, ఇన్నాళ్లు ఇచ్చింది చాలు. నా సంపు నాకుంది," అని క్రెసెన్సియా మోటారు వేసింది. అది మూలిగింది. మిద్దె మీది ట్యాంకులోకి చుక్క ఎక్కలేదు. మళ్లీ వేసింది. మాడువాసన వచ్చింది.

"సరిగ్గా ఇవాళే చావాలా ఈ మోటారు?" అని నెత్తి కొట్టుకుంది. మూత తీసి బకెట్లతో తోడుకుందామంటే, దాని మీద చెక్కలు పరిచి నాట్యానికి వేదిక కట్టేశారు. పైన బాకాలవాళ్లు సర్దుకుని కూర్చున్నారు. లోపల గులాబీరంగు గౌనులో మనవరాలు, పెరట్లో నీళ్లు పడని బియ్యపు గుండిగలు, వీధి మలుపులో పూలదండలతో చుట్టాలు. క్రెసెన్సియాకి ఏడుపొక్కటే తక్కువ.

గర్వం దిగమింగి హోవిత తలుపు తట్టింది. లోపల వసారా పొడవునా డ్రమ్ములు, అంచులదాకా నిండుగా ఉన్నాయి.

"మోటారు కాలిపోయింది హోవితా. ఒక్క డ్రమ్ము సర్దవే. పిల్ల పరువు పోతుంది. అడగడానికి నాకు మొహం లేదనుకో."

హోవిత చీపురు పక్కన పెట్టి, డ్రమ్ము మీది మూత తనే తీసింది.

"ఒక్కటేం ఖర్మ వదినా, అన్నీ పట్టుకెళ్లు. చిల్లి పడ్డ నీ సంపులోవే కదా."