దాచుకున్న బొటనవేళ్ళు

బస్సు దిగి రోడ్డు దాటబోతుంటే, సిగ్నల్ దగ్గర నల్లటి శవవాహనం వచ్చి ఆగింది.

వకానా చప్పున రెండు బొటనవేళ్ళనూ గుప్పిట్లో దాచేసుకుంది.

పక్కనే ఉన్న స్నేహితురాలు రిహో కూడా దాచుకుంది.

వాళ్ళ భాషలో బొటనవేలి పేరే అమ్మానాన్నల వేలు. శవం వెళ్తున్నప్పుడు దాన్ని దాచుకోని పిల్లలకు అమ్మానాన్నల చివరి చూపు దక్కదు. వాళ్ళ కొండ ఊళ్ళో ఈ సంగతి తెలియని పిల్లలు లేరు.

రిహో అంతలోనే వేళ్ళు వదిలేసింది. వకానా మాత్రం గుప్పిళ్ళు గుండెకు ఆనించుకుని అలాగే నిలబడింది.

“ఏయ్, ముందు సీట్లో ఆవిణ్ణి చూడు,” రిహో గుసగుసలాడింది. “చావుకి వెళ్తూ కూడా ఊదారంగు జుట్టే! ఒసాకా పిన్నమ్మలంటే పిన్నమ్మలే బాబూ.”

డ్రైవర్ పక్కన నల్లబట్టల్లో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆమె చేతుల్లో ఫోటో పటం. బొమ్మ ఉన్న వైపు గుండెకు హత్తుకుంది.

ఆమె వకానా గుప్పిళ్ళను చూసింది. తర్వాత వెనక్కి తిరిగి ఏదో అంది.

“వెనక ఎవరూ లేరు కదే. శవంతో మాట్లాడుతోందా ఏంటి?”

“ఊరుకో. అటు చూడకు.”

“పాపం, వెంట ఇంకో బండి కూడా లేదు. ఎవరూ లేని మనిషేమో.”

“మనకెందుకులే,” అంది వకానా.

దీపం మారింది. బండి వెళ్ళిపోయింది. అది మలుపు తిరిగాకే వకానా గుప్పిళ్ళు విప్పింది.

అవతల ఇళ్ళ మీదుగా ఇనుప టవరు కనిపిస్తోంది.

ఆ టవరు కిందే, పసుపు తెర కట్టిన కుషికాత్సు వేపుళ్ళ కొట్లో వకానా అమ్మ పనిచేస్తోంది. ఊరికి చేపలబండి తెచ్చే ఆయన వేసవిలో చూశానని చెప్పాడు. పుల్లలకు మాంసం ముక్కలు గుచ్చుతూ ఎవరితోనో నవ్వుతోందట.

వకానాకు నాలుగేళ్ళప్పుడు ఇల్లు విడిచి వెళ్ళిన అమ్మ. నాన్నమ్మ ఇంట్లో ఆ పేరు ఎత్తనివ్వదు. ఆమెతో నగరం చూసొస్తామని చెప్పి స్నేహితురాళ్ళిద్దరూ బస్సెక్కారు. వకానా సంచిలో పెరటి చెట్టు సుదాచీ నిమ్మకాయలున్నాయి. ఆ చెట్టు నాటింది అమ్మే.

“ఇంకేం, పద!” అంది రిహో.

“ముందు ఊరు చూద్దామే.”

“ఊరు చూస్తామన్నది మీ నాన్నమ్మకి చెప్పిన అబద్ధం కదే!”

“దాన్ని నిజం చేద్దాం.” వకానా తల దించుకుంది. “ఆవిడ నన్ను గుర్తుపట్టకపోతే?”

“ఆ చప్పిడి ముక్కు చూస్తే మా కుక్క కూడా గుర్తుపడుతుంది.”

ఊరు చూశారు.

కోట కందకంలో పడవెక్కారు. ఎస్కలేటర్ మీద కుడి పక్కన నిలబడాలని తెలియక ఎడమ పక్కన నిలబడి, వెనకవాళ్ళ చేత తిట్లు తిన్నారు. పొగలు కక్కే తకోయాకీ ఉండ నోట్లో వేసుకుని రిహో వీధిలో గంతులేసింది. వకానా నవ్వింది. నవ్వుతూనే టవరు ఎటుందో చూసుకుంది.

“ఇప్పుడు వెళ్దామా?”

“ఆ వంతెన చూశాక.”

“ఇప్పుడు?”

“దీపాలు వెలిగాక.”

చీకటి పడింది. దోతోన్‌బోరి కాలవ నీళ్ళలో ఎర్రటి, పచ్చటి వెలుగులు సాగి, విరిగి, మళ్ళీ అతుక్కుంటున్నాయి.

“ఏమని పిలుస్తావ్?” అడిగింది రిహో.

“అమ్మా అనను. ‘నేను వకానాని’ అంటాను. ఆ తర్వాత ఆవిడ ఇష్టం.”

“పొద్దుట్నుంచీ నీలో నువ్వు వల్లిస్తున్నది ఈ ఒక్క ముక్కేనా?”

“దానికే నోరు తిరగట్లేదు.”

రిహో మళ్ళీ ఎగతాళి చేయలేదు. చెయ్యి పట్టుకుని టవరు వైపు నడిపించింది.

టవరు కింద కొట్లన్నీ వెలిగిపోతున్నాయి. ఒక్క దాని షట్టరు మాత్రం సగం దించి ఉంది. లోపల కుర్చీ మీద పసుపు తెర మడతపెట్టి ఉంది.

గడప మీద ఉప్పు చల్లి ఉంది.

“చావుకి వెళ్ళొస్తే చల్లే ఉప్పు. ఎవరినో సాగనంపి వచ్చినట్టున్నారే,” రిహో గొంతు తగ్గించింది.

వంగి లోపలికి వెళ్ళారు. నూనె మూకుడు చల్లగా ఉంది. దాని పక్కన ఊదారంగు జుట్టు ఆవిడ ఒంటరిగా కూర్చుని ఉంది. ఇంకా నల్లబట్టలు మార్చుకోలేదు.

“ఇవాళ కొట్టు లేదర్రా,” అంది. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి సంచిలోకి వెళ్ళి రెండు పంచదార బిళ్ళలు తీసింది. “ఇవి చప్పరిస్తూ ఇంటికి పొండి.”

వకానా నోరు తెరిచింది. “నేను...” అని ఆగి, సంచిని గుప్పిళ్ళతో బిగించి పట్టుకుంది.

రిహోయే అంది: “తినడానికి రాలేదండీ. చిజురు గారి కోసం వచ్చాం. ఇది వాళ్ళమ్మాయి.”

బిళ్ళలు నేల మీద పడ్డాయి.

ఆవిడ వకానా ముఖం వైపు చూసింది. నిమ్మకాయల సంచిని బిగించి పట్టుకున్న గుప్పిళ్ళ వైపు చూసింది.

“పొద్దున సిగ్నల్ దగ్గర... నువ్వే కదూ?”

వకానా తలూపింది.

“నీ గుప్పిళ్ళు చూసి, ‘చూశావటే, ఆ పిల్ల వేళ్ళెలా దాచుకుందో, వాళ్ళమ్మ ఎక్కడో చల్లగా ఉండి ఉంటుంది’ అని వెనక్కి తిరిగి చెప్పాను తల్లీ, పెట్టెలో పడుకున్న మీ అమ్మకే.”