ఇంటిపేరు చెప్పని పెద్దమనిషి

"ఆ కోటు మనిషి ఎవరు? మనవాడేనా?"

పరమేశ్వరి పొద్దుటినుంచి ముగ్గురిని అడిగింది. ఎవరూ ఔననలేదు.

తమిళనాడులోని పొల్లాచ్చిలో ఆ రోజు ఆమె తమ్ముడు ఆనంద్‌కుమార్ కూతురు చారులత పెళ్ళి. తరాల కిందట అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళు వీళ్ళు. వాళ్ళ ఆచారంలో ముహూర్తానికి ముందు తాళిబొట్టును కొబ్బరికాయ మీద పెట్టి, పళ్ళెంలో మండపమంతా తిప్పుతారు. వచ్చినవాళ్ళందరూ తాకి దీవిస్తారు.

కిందటి నెల ఇంకో మండపంలో అలా తిప్పుతుండగానే తాళి మాయమైంది. తీసినవాడు ఎంతో మర్యాదగా కనిపించాడట. ముహూర్తం దాటిపోయి పెళ్ళికూతురు పీటల మీదే ఏడ్చిందట.

"నా మేనకోడలికి ఆ గతి పట్టనీను" అని పరమేశ్వరి కొంగు బిగించింది.

దొంగల సంగతి తనకు తెలిసినంతగా పోలీసులకు కూడా తెలియదని ఆమె నమ్మకం. అదంతా ఒక టీవీ సీరియల్ చలవ. ఎప్పటిదో, తమిళంలోకి డబ్బింగ్ చేసింది. మధ్యాహ్నం పూట ఇప్పటికీ వేస్తుంటారు. అందులో దొంగ కోటు వేసుకుని, నవ్వుతూ, చేతులు జోడించి మరీ నగలు కాజేస్తాడు. మనిషి పరదేశి, మాట తమిళం. కానీ పోయేముందు గుమ్మంలో నిలబడి, "పోయొస్తా అమ్మణీ" అని అచ్చం వీళ్ళ ఇళ్ళలో మాట్లాడే తెలుగులో అనేవాడు.

ఆ ఒక్క మాటకు పరమేశ్వరి ప్రాణం లేచొచ్చేది. "గొంతిచ్చింది ఎవరో గాని మనవాడే. ఎంత జనంలో ఉన్నా ఆ గొంతు నేను పట్టేస్తా" అని అందరితో చెప్పుకునేది.

ఇప్పుడు ఎదురుగా అలాంటి కోటే. ఆ ఎండలో మెడకు మఫ్లర్ ఒకటి. అందరికీ నవ్వుతూ దణ్ణాలు పెడుతున్నాడు. ఎవరితోనూ ఒక్క మాట లేదు.

ఆమె నేరుగా వెళ్ళి ఆయన ముందు నిలబడింది. కొత్త మనిషిని వాళ్ళు మొదట అడిగేదే అడిగింది.

"ఏమయ్యా, మీ ఇంటిపేరు ఏమి?"

ఆయన పెదవులు కదిలాయి. నాదస్వరం హోరులో ఏమీ వినిపించలేదు. మఫ్లర్ మీద చెయ్యి వేసుకుని తల వంచాడు.

తమిళుడైతే తమిళంలో ఏదో ఒకటి అంటాడు. మనవాడైతే ఇంటిపేరు టక్కున చెబుతాడు. ఈయన ఎటూ కాకుండా పోయాడు.

అంతలో పెళ్ళికూతురి చెల్లెలు నిత్య పళ్ళెం పట్టుకుని ఆ వరుసలోకి వచ్చింది. చెల్లమ్మాళ్ అవ్వ వణికే చేతులతో తాళిని తాకింది. వెనకవాళ్ళు ముందుకు తోసుకొచ్చారు. పరమేశ్వరి ఆ జనాన్ని తప్పించుకుని చూసేసరికి పళ్ళెంలో కొబ్బరికాయ మాత్రమే ఉంది.

తాళి కోటు మనిషి చేతిలో ఉంది.

"దొంగ! దొంగ!"

ఆయన తాళిని మెల్లగా కొబ్బరికాయ మీద పెట్టి, కోటు జేబులో చెయ్యి పెట్టబోయాడు. పరమేశ్వరి ఆ చెయ్యి పట్టేసింది.

"జేబులో ఇంకా ఏమి దాచుండావు? ఇంటిపేరు చెప్పు. లేదంటే పో!"

ఆయన ఏదో చెప్పాలని చాలా అవస్థ పడ్డాడు. చివరికి చేతులు జోడించి, నవ్వి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"పోలీసుకి చెప్తామా?" అన్నారెవరో.

"వద్దు. కల్యాణంలో రగడ వద్దు. వాడు పోయినాడు, అది చాలు."

తాళి కట్టారు. అక్షింతలు పడ్డాయి. పరమేశ్వరి అప్పుడు గాని ఊపిరి పీల్చుకోలేదు.

నిత్య పక్కకు వచ్చింది. "అత్తా, ఆయన దొంగ గాదు. అవ్వ తాకేటప్పుడు బొట్టు జారి కింద పడె. నేను గూడా మొదట చూడలే. జనం తొక్కకముందే ఆయన వంగి తీసె."

"అప్పుడే ఏల చెప్పలే?"

"మీరు ఎవరిని మాట్లాడనిస్తిరి?"

పరమేశ్వరికి తల కొట్టేసినట్టయింది. తాళి కాపాడిన మనిషిని అన్నం పెట్టకుండా పంపేసింది! చేసిన తప్పు దిద్దుకోకుండా ఊరుకునే రకం కాదామె. బయటూరి మనిషి బస్టాండుకే పోయుంటాడని ఆటో పిలిచి అటు పరిగెత్తించింది.

పెరియకుళం వైపు వెళ్ళే బస్సు అప్పుడే కదులుతోంది. కిటికీలో మఫ్లర్ కనిపించింది.

"అయ్యా, దిగండయ్యా! నాదే తప్పు. ఒక వాయి అన్నం తిని పోండి!"

ఆయన చూశాడు. కోపమేమీ లేదు. కిటికీలోంచి చేతులు జోడించాడు. పెదవులు ఏవో రెండు మాటలన్నాయి గాని చప్పుడు రాలేదు. బస్సు మలుపు తిరిగిపోయింది.

చేతిలో ఫోన్ మోగింది. ఆనంద్‌కుమార్.

"అక్కా, పెరియకుళం పెద్దాయన యాడ? కోటు, మఫ్లర్. ముహూర్తం అయినాక నీ ఎదుట నిలబెడదామని ఎవరికీ చెప్పకుండా పిలిపిస్తిని."

"ఆయన నోరు తెరిచి ఒక మాట అనలేదే తమ్ముడూ..."

"ఎట్ల అంటాడు, పావం? గొంతు ఆపరేషన్ అయినప్పటినుంచి ఏదైనా ఫోన్ తీసి రాసి చూపించేదే. నీ సీరియల్ దొంగకి 'పోయొస్తా అమ్మణీ' అని గొంతిచ్చింది ఆయనే అక్కా."