మొద్దు కూడా మిగలొద్దు

"కొయ్యి, ఆపకు! నా జాగల చెట్టు, నా ఇష్టం," అని సిద్దయ్య అరిచాడు.

శామీర్‌పేట నుంచి వచ్చిన చెట్లు కొట్టే మనిషి రంపం మిషిన్ పట్టుకుని గోడవైపు చూశాడు. అవతల పక్కింటి జహేదా స్టూలెక్కి పొద్దటినుంచి తిడుతూనే ఉంది.

"పచ్చటి యాపచెట్టు నీకేం పాపం జేసింది? మా వాకిట్ల నీడ పడ్తాందనే గదా నీ కడుపుమంట!"

"అవ్, గందుకే! ఎండల మాడి సావు!"

కొమ్మలు పోయాయి. మాను కూలింది. మోకాలెత్తు మొద్దు మిగిలాక ఆ మనిషి, "ఇగ చాలన్నా, కూసునేతందుకు పనికొస్తది," అన్నాడు.

"మొద్దు కూడా మిగలొద్దు. మళ్ల సిగురేస్తే గామె సంబురపడ్తది. భూమికి సమానంగ కొయ్యి."

మిషిన్ మళ్లీ మొదలైంది. సగం కోశాక కీచుమంది, నిప్పురవ్వలు లేచాయి. గొడ్డలితో చెక్కి చూస్తే మొద్దు లోపల ఒక రాయి, దాని మీద రెండు ప్లాట్ల నంబర్లు.

గోడ కట్టేటప్పుడు, ఎవరో ఎత్తుకుపోయారని సిద్దయ్య చెప్పిన హద్దురాయి అది. పెరుగుతూ పెరుగుతూ చెట్టే దాన్ని మింగేసింది. ఆ రాయికీ సిద్దయ్య కట్టిన గోడకూ మధ్య ఉన్న మూడడుగుల నేల జహేదాది.

"బంజెయ్, ఇగ చాలు," అన్నాడు సిద్దయ్య, కాలితో రంపప్పొట్టు రాయి మీదికి నెడుతూ.

అప్పటికే జహేదా గోడ మీంచి వంగి నంబర్లు చదివేసింది.

"ఆపకన్నా," అంది రంపం మనిషితో, నెమ్మదిగా. "రాయి మొత్తం బయటికి రానియ్యి. దాని తర్వాత గీ గోడ కొట్టేది ఉంది."