రెండో రొట్టె

"తెల్లారింది. వెళ్ళి చూడండి," అంది భార్య, గొంతు పైకి రానివ్వకుండా.

తాళాలవాడు అడుగులో అడుగు వేసుకుంటూ తలుపు దాకా వెళ్ళాడు. చెవి ఆనించి విన్నాడు. మెట్ల మీద అలికిడి లేదు. గడియ మెల్లగా తీసి, రెండు వేళ్ళంత సందులోంచి కిందికి చూశాడు.

మెట్ల మలుపులో, కమ్మీకి వేలాడుతూ గుడ్డసంచి. ఈ రోజు కూడా వచ్చింది.

సొంత ఊళ్ళో అతను చెయ్యి పెడితే విచ్చుకోని తాళం లేదు. ఎవరి బీరువా మొరాయించినా, ఎవరింటి తాళంచెవి నూతిలో పడినా అతనికే కబురొచ్చేది. ఆ ఊరినుంచి తమవాళ్ళందరినీ తరిమేశారు. సరిహద్దు దాటించిన లారీ డ్రైవరు అతన్నీ, భార్యనీ, చిన్నకూతుర్నీ ఈ పరాయి పట్నంలో, ఈ మేడ మీది గదిలో దింపాడు.

"నేనొచ్చేదాకా బయటికి రాకండి. కింద గదిలో మనుషులుంటారు. వాళ్ళ కంట పడొద్దు," అని చెప్పి వెళ్ళాడు. మళ్ళీ జాడ లేదు.

అప్పటినుంచీ ఇదే గది. నడిస్తే నేల చప్పుడవుతుందని పగలంతా చాప మీదే. కుళాయి దారమంత సన్నగా తిప్పుకోవాలి. తుమ్మొస్తే దిండులో ముఖం దాచుకోవాలి. కిటికీ రెక్కలు మూసే ఉంటాయి. ఏ తాళమైనా తీసే మనిషి, తన చేత్తో తాను గడియ పెట్టుకున్న తలుపు వెనక ఇరుక్కుపోయాడు.

తెచ్చుకున్న తిండి అయిపోయిన మర్నాడే ఆ సంచి మొదటిసారి కనిపించింది. అందులో రెండు రొట్టెలున్నాయి. భార్య ఒకటే తీసుకుంది.

"రెండోది?" అన్నాడు.

"పెట్టినవాళ్ళకీ కడుపుంటుందిగా. ఉండనివ్వండి."

"ముగ్గురికి ఒక్క రొట్టె ఏ మూలకి?"

"ఈ పూటకి ఈ మూలకి చాలు. రేపటి సంగతి పైవాడు చూసుకుంటాడు."

ఒకరోజు చిన్నది ఆకలితో ఏడుస్తుంటే ఆగలేక రెండూ తెచ్చేశాడు. భార్య అరవలేదు. రెండోదాన్ని అతని చేతిలో పెట్టి తలుపు చూపించింది.

"తిరిగి పెట్టి రండి. మన వంతు మనకొచ్చింది."

తిట్టుకుంటూనే పెట్టి వచ్చాడు. తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి ముసుగేసుకున్న ఓ ముసలావిడ కింద గదిలోంచి నాలుగు మెట్లెక్కి వచ్చింది. దొంగలా అటూ ఇటూ చూసింది. రొట్టె తీసుకుని, ఖాళీ సంచిని మళ్ళీ కమ్మీకి తగిలించి గబగబా దిగిపోయింది.

ఓహో, ఈవిడా, అనుకున్నాడు. పాపం, పెట్టేవాళ్ళకీ భయమే మరి.

చిన్నదానికి తల్లి రోజూ ఒకే కథ చెప్పేది. రాజు చంపుతాడని పారిపోయి వాగు పక్కన దాక్కున్న ప్రవక్తకి కాకులు రొట్టె తెచ్చిపెట్టిన కథ.

"మనకీ కాకే తెస్తోందా అమ్మా?"

"ఏ కాకి తెస్తేనేం తల్లీ? పంపేవాడు ఒక్కడేగా."

"కాకి రొట్టె ఎత్తుకుపోవడం చూశాను గానీ, తెచ్చిపెట్టడం ఎక్కడా చూళ్ళేదు," అన్నాడు తాళాలవాడు.

చిన్నది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుని కూడా మింగడం నేర్చేసుకుంది పిల్ల.

అతనికి మాత్రం ఆ రొట్టె గొంతు దిగేది కాదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఊరికే ఎవరు పెడతారు? పెట్టిన చెయ్యి ఏదో ఒకనాడు అడక్క మానదు. ఏమడుగుతుందో? కింద దగ్గు వినిపిస్తే ఉలిక్కిపడేవాడు. కుర్చీ జరిగిన చప్పుడైతే, ఎవరికో చెప్పడానికి లేచిందేమోనని ఊపిరి బిగబట్టేవాడు.

ఆ మధ్యాహ్నం వీధిలోకి మైకు బండి వచ్చింది. ఇంటి ముందు ఆగి మరీ చెప్పింది.

"ఏమంటున్నాడండీ?"

"మనలాంటి వాళ్ళని దాచినా, తిండి పెట్టినా జైలుట. పట్టిచ్చినవాళ్ళకి బహుమానమట."

బండి వెళ్ళిపోయింది. కింద గదిలో దగ్గు ఆగిపోయింది. కుర్చీ కదల్లేదు.

"విన్నది," అన్నాడు అతను. "ఆలోచిస్తోంది."

"ఇన్నాళ్ళు అన్నం పెట్టిన మనిషి ఇవాళ్టికివాళ చెడ్డదైపోతుందా?"

"చెడ్డదెందుకవుతుంది? భయపడుతుంది. భయపడ్డ మనిషి ఏమైనా చేస్తుంది. నన్ను చూడ్డం లేదూ?" లేచి నిలబడ్డాడు. "వెళ్ళి కాళ్ళు పట్టుకుంటా. పొమ్మంటే ఇప్పుడే పోదాం. పట్టివ్వొద్దని మాత్రం అడుగుతా."

ఆమె ఆపలేదు. చిన్నదాన్ని ఒళ్ళోకి లాక్కుంది. "వెళ్ళండి. ఆ పైవాడు మీకంటే ముందే ఆ మెట్లు దిగి ఉంటాడు."

గడియ తీశాడు. ఒక్కో మెట్టూ కేక పెట్టినట్టు కిర్రుమంది. మలుపు దాటాడు. కింద తలుపు ముందు నిలబడి చొక్కా సర్దుకున్నాడు. పరాయి భాషలో ఎలా మొదలుపెట్టాలో తోచలేదు. వేలి కణుపుతో మెల్లగా కొట్టాడు.

లోపల ఏదో గిన్నె కిందపడి దొర్లింది. చివరికి తలుపు బెత్తెడు తెరుచుకుంది. ముసలావిడే. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

అతను వంగబోయాడు. ఈలోగా ఆవిడే బయటికొచ్చి అతని కాళ్ళ మీద పడిపోయింది.

"బాబూ," అంది వచ్చీరాని ఆ పట్నం భాషలో, అచ్చం అతని సొంత ఊరి యాసతో, "రోజూ మీ సంచిలో మాకో రొట్టె వదిలిపెట్టి ఇన్నాళ్ళూ బతికించారు, ఇప్పుడా మైకు మాట విని మమ్మల్ని పట్టివ్వకండి."