ప్రార్థనకి ఒక పేరు

శుక్రవారం మధ్యాహ్నం మూడుంపావు. మెంఫిస్ ఆస్పత్రిలో రికార్డుల కిటికీ నాలుగింటికి మూసేస్తారు.

వరసలో షార్లీన్ ముందు ఒక్కడే ఉన్నాడు. గోధుమరంగు టోపీ పెట్టుకున్న ముసలాయన. ఇరవై నిమిషాలుగా కదలడం లేదు.

కిటికీ లోపలి అమ్మాయి ఆయన స్లైడ్స్ డబ్బా ఇచ్చింది. బయాప్సీలో తీసిన ముక్కలు అతికించిన గాజుపలకలు. ఇంకో డాక్టరు చూడాలంటే అవి ఉండాల్సిందే. ఆయన డబ్బా తీసుకుని కూడా అక్కడే నిలబడ్డాడు, ఏవో కాగితాలు సర్దుకుంటూ.

షార్లీన్‌కి ఒళ్ళు మండిపోతోంది. ఫోన్‌లో నాష్‌విల్ పెద్దాస్పత్రి.

"ఏడు వారాలా? మా నాన్నకి గురువారమే ఆపరేషనండీ! క్యాన్సరని ప్రోస్టేట్ గ్రంథి తీసేస్తారు. తీసేశాక మీరు చూసేదేంటి?"

"వెయిటింగ్ లిస్టులో మీ నాన్నగారి పేరుంది మేడమ్. ఖాళీ వస్తే పిలుస్తాం."

పెట్టేసి, తండ్రికి చేసింది.

"వాయిదా వేయించుకో నాన్నా. రెండో డాక్టరు చూసేదాకా ఆగు."

"కుదరదు. గురువారం వస్తానని మాటిచ్చాను," అన్నాడు రూఫస్. ముప్ఫయ్యేళ్ళు సిటీ బస్సు నడిపాడు, ఒక్కరోజూ ఆలస్యంగా వెళ్ళింది లేదు. "ఆలోగా ఏ డాక్టరైనా వద్దంటే మానేస్తా. లేదంటే కోయించుకుంటా. నన్ను విసిగించకు."

"నీ మొండితనం తగలెయ్య! స్లైడ్స్ పట్టుకుని సోమవారం నాష్‌విల్ వెళ్తా. వాళ్ళ గుమ్మంలో కూర్చుంటా. ఎలా పొమ్మంటారో చూస్తా!"

ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకుంది.

ముసలాయన వెనక్కి తిరిగాడు.

"మీ నాన్న పేరేంటమ్మా?"

ఎక్కడికెళ్ళినా ఇదే గోల. కొట్లో, క్షౌరశాలలో, జబ్బు మాట చెవిన పడితే చాలు. చర్చి ప్రార్థన జాబితాలో రాయడానికి పేరడుగుతారు.

"రూఫస్ టాలీ. రాసుకోండి! ఇప్పటికే పదకొండు చర్చిల్లో ప్రార్థిస్తున్నారు, మీది పన్నెండోది. నాక్కావల్సింది ప్రార్థన కాదు, అపాయింట్‌మెంటు. కాస్త జరగండి పెద్దాయనా!"

ఆయన చేతిలోని కాగితం వెనక ఆ పేరు నెమ్మదిగా రాసుకున్నాడు. తర్వాత డబ్బాని తిరిగి కిటికీలోకి తోశాడు.

"ఇది లోపల పెట్టెయ్ తల్లీ. నాకిక అక్కర్లేదు."

"మమ్మల్ని ఇంతసేపు నిలబెట్టింది ఇందుకా!" అంది షార్లీన్ పైకే.

"తప్పయిందమ్మా," అని ఆయన పక్కకి తప్పుకున్నాడు.

షార్లీన్ నాన్న స్లైడ్స్ డబ్బా తీసుకుని కారెక్కేసరికి ఫోన్ మోగింది. నాష్‌విల్ నుంచి.

"ఒక ఖాళీ వచ్చింది మేడమ్. సోమవారం ఉదయం తొమ్మిదింటికి రాగలరా?"

షార్లీన్ స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చేసింది.

బుధవారం అక్కడి డాక్టరు ఫోన్ చేశాడు. "స్లైడ్స్ అన్నీ మళ్ళీ చూశాం. ఇది చాలా నెమ్మదిగా పెరిగే రకం. ఇప్పుడు కోత అక్కర్లేదు. ఆర్నెల్లకోసారి పరీక్ష చేయించుకుంటే చాలు."

రూఫస్ వెంటనే మెంఫిస్ ఆస్పత్రికి ఫోన్ చేశాడు, గురువారం రావడం లేదని.

షార్లీన్ నాష్‌విల్‌లో అపాయింట్‌మెంట్లు చూసే ఆవిడకి ఫోన్ చేసింది, థాంక్స్ చెబుదామని.

"అదృష్టం బాగుండి ఎవరో మానుకున్నట్టున్నారు."

"అదృష్టం కాదండీ," అంటూ ఆవిడ జరిగింది చెప్పింది.

షార్లీన్ కాగితం, కలం అందుకుంది.

"ఆయన పేరు?"

"అది చెప్పకూడదండీ. రూలు. ఇంతవరకు చెప్పిందే ఎక్కువ."

ఆదివారం చర్చిలో పాస్టరు ప్రార్థన జాబితా చదివాడు. "ఇంకా ఎవరైనా ఉన్నారా?"

షార్లీన్ లేచి నిలబడింది.

"పేరు చెప్పమ్మా."

"తెలీదు పాస్టరుగారూ. ఆయన మా నాన్న పేరడిగాడు. నేను ఆయన పేరడగలేదు. జరగమని కసిరాను."

"ఏం జబ్బు?"

"మా నాన్నదే. ఆయనకి ఎముకల్లోకి పాకిందట. ఇంకో డాక్టరు చూసినా తనకి మారేదేమీ లేదని నాష్‌విల్‌కి ఫోన్ చేసి, మా నాన్న పేరిచ్చాడట."

షార్లీన్ చుట్టూ ఉన్నవాళ్ళ వైపు చూసింది.

"సోమవారం తొమ్మిదింటి అపాయింట్‌మెంటు ఆయనది."