మాస్టారు చెప్పిన వైరు

పళ్ల డాక్టరమ్మ మూడో వైరు కూడా తెచ్చి కౌంటరు మీద పడేసింది.

"ఇదీ అంతే. గుయ్యిమంటూనే ఉంది."

"ఇంత లావు వైరుకి కూడానా?" షాపాయన నమ్మలేకపోయాడు.

"రోజంతా క్లినిక్‌లో డ్రిల్లు మోత. ఇంటికెళ్లి టీవీలో కాసేపు పాట విందామంటే మీ సెట్టు మోత. ఇవాళ ఇది తేలాల్సిందే. తేలకపోతే సెట్టు వెనక్కి తీసుకోండి."

"పాటల ఫైళ్లు మార్చమన్నాను, మార్చారా?"

"మార్చాను. కుదించినవి తీసేసి, మీరు చెప్పిన పెద్ద ఫైళ్లే పెట్టాను. ఇప్పుడు పాటతో పాటు మోత కూడా శుభ్రంగా వినిపిస్తోంది."

షాపాయన బుర్ర గోక్కున్నాడు. ఇంటి ముందుగదిలో ఈ పాటల సెట్ల షాపు పెట్టి పద్దెనిమిదేళ్లయింది. ఇంతవరకూ ఒక్క సెట్టు కూడా వెనక్కి రాలేదు. ఆ మాట అతను రోజుకి రెండుసార్లయినా అంటాడు.

అప్పుడే గుమ్మంలో ఒక పెద్దాయన గొడుగు మడిచాడు. చేతిలోని చీటీ చూసుకుని, ఇంటి నంబరు చూసుకుని, లోపలికొచ్చాడు. వాళ్ల మాటలు గుమ్మంలోనే విన్నాడేమో, వస్తూనే, ఎవరూ పిలవకుండానే పంచాయితీలోకి దిగాడు.

"టీవీకీ ఆంప్లిఫయర్‌కీ మధ్య ఏ వైరు వేశారమ్మా?"

"కోయాక్సియల్. రాగిది," షాపాయనే జవాబిచ్చాడు.

"అదే మరి. టీవీ వైపు కరెంటు మోత ఆ రాగి వెంట నడిచి ఇటు వచ్చేస్తోంది. ఆప్టికల్ వెయ్యండి. అందులో పోయేది వెలుతురు. మోతకి దారుండదు."

"నా షాపులో ఆప్టికల్ అమ్మనండి."

"ఎందుకని?"

"అది పాటని పల్చన చేస్తుంది. మాస్టారు రాశారు."

మాస్టారంటే, ఎప్పుడో మూతపడిన ఒక పత్రికలో పాఠకుల ప్రశ్నలకి జవాబులు రాసినాయన. ముఖం ఎవరూ చూడలేదు. అసలు పేరు ఎవరికీ తెలీదు. కుర్రతనంలో షాపాయన ఒకే ప్రశ్న ఏడుసార్లు రాసి పంపితే, ఆయన విసుగెత్తి ఇంటికే కార్డు రాశాడు.

'సందేహాలరాయుడికి, రాగి వైరే వాడు. ఆప్టికల్ పాటని పల్చన చేస్తుంది.'

ఆ కార్డు ఇప్పటికీ కౌంటరు సొరుగులో భద్రంగా ఉంది. దాన్ని షాపాయన పెళ్లానికి కూడా చూపించలేదు. ఆ బిరుదు బయటపడితే ఇంట్లో ఇక అదే పేరు ఖాయమైపోతుందని భయం.

"రాసింది తప్పు," అన్నాడు పెద్దాయన.

"మాస్టారిదా తప్పు?"

"ఆయనదే. కావాలంటే ఇప్పుడే తేల్చుకుందాం, నేనూ అందుకే వచ్చాను. ఆప్టికల్ వైరు నేనే తెచ్చాను. రెండు వైర్లూ ఒకే ప్లేయరుకి తగిలిస్తాను. మీరు అటు తిరిగి కూర్చోండి. పదిసార్లు వినిపిస్తాను, ఏది ఏ వైరో చెప్పండి. డాక్టరమ్మగారు రాసుకుంటారు."

షాపాయన కుర్చీని గోడవైపు తిప్పుకున్నాడు. మాస్టారి పరువంతా తన చెవుల్లోనే ఉందనుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"ఇది రాగి... ఇది ఆప్టికల్, పల్చగా లేదూ... ఇది రాగి, సందేహం లేదు..."

పదీ అయ్యాయి.

"నాలుగు," అంది డాక్టరమ్మ. "బొమ్మా బొరుసూ వేసుకున్నా ఐదొచ్చేవి."

షాపాయన చెవులు ఎర్రబడ్డాయి.

"తప్పు మీ చెవులది కాదు," అన్నాడు పెద్దాయన. "ఆ రాసినవాడిది. సరిగ్గా చూసుకోకుండా రాసిపడేశాడు."

షాపాయన లేచి నిలబడ్డాడు.

"నన్ను ఎన్నైనా అనండి, పడతాను. ఆయన్ని అంటే ఊరుకోను. ఈ షాపు ఆయన పెట్టిన భిక్ష. మీరు ఆయన కాలిగోటికి సరిపోరు."

పెద్దాయనకి కోపం రాలేదు. ఏదో చెప్పబోయి మానుకున్నాడు.

"ఒక్కటి అడుగుతాను. పెద్దవాళ్లెవరో రాశారని నమ్మకండి. పెద్దవాళ్లెవరో వచ్చి కాదన్నారనీ నమ్మకండి. ఇవాళ మీ చెవులు చెప్పింది నమ్మండి."

"బయటికి నడవండి."

పెద్దాయన జేబులోంచి ఒక మడత కాగితం తీసి కౌంటరు మీద పెట్టాడు. ఆప్టికల్ వైరు చుట్టచుట్టి డాక్టరమ్మ చేతిలో పెట్టాడు. గొడుగు విప్పుకుని వానలోకి వెళ్లిపోయాడు.

షాపాయన ఆ కాగితాన్ని చూడనైనా చూడకుండా సొరుగులోకి తోసేశాడు.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ ఫోను చేసింది.

"మోత పోయింది. పాట ఎక్కడా పల్చబడలేదు. ఆ పెద్దాయన మళ్లీ వస్తే చెప్పండి, ఆయన పళ్లకి జీవితాంతం నేను పూచీ."

షాపాయనకి సిగ్గేసింది. మళ్లీ వస్తే ఈసారి కుర్చీ వేసి కూర్చోబెట్టాలనీ, క్షమించమని అడగాలనీ గట్టిగా అనుకున్నాడు. అయినా మాస్టారు ఎందుకలా రాశారో బుర్రకెక్కలేదు. కార్డు మరోసారి చూద్దామని సొరుగు లాగాడు.

కార్డు మీద నిన్నటి కాగితం పడి ఉంది. విప్పాడు. గీత గీసిన వాక్యాల మీద ముందు కన్ను పడింది.

'అప్పట్లో ఒక్కో వైరుకి ఒక్కో ప్లేయరు పెట్టి పోల్చడం వల్ల జరిగిన పొరపాటు ఇది. ఒక ప్లేయరు రవ్వంత గట్టిగా పలికింది. గట్టిగా పలికిందే మంచిదనిపించింది.'

ఇంత లోపలి సంగతి ఈయనకెలా తెలుసనుకుంటూ, పేరు కోసం కిందికి చూశాడు.

సంతకం లేదు. చిరునామా కూడా లేదు.

పైకి చూశాడు.

మొదటి వరుసలో, కార్డు మీదున్న అదే పక్కకి వాలిన రాతతో, 'సందేహాలరాయుడికి' అని ఉంది.