నలభయ్యో టోకెన్

"నలభై మందే. ఇంకొక్కరిని గూడ లోపలికి పంపం."

కరీంనగర్ పరీక్ష కేంద్రం గేటు దగ్గర వాచ్‌మన్ ఆ మాట అనడం మూడోసారి.

నరేశ్ తన టోకెన్ మళ్లీ చూసుకున్నాడు. నలభై ఒకటి.

పొద్దున మెట్‌పల్లి నుంచి వస్తుంటే గంగాధర దగ్గర బస్సు టైరు పంక్చరైంది. ఆ అరగంట లేకపోతే ఈపాటికి లోపల ఉండేవాడు. ఎవరిని తిట్టాలో తెలియక కాలితో గోడను తన్నాడు.

ఇదివరకు ఈ తిప్పలు లేవు. మెట్‌పల్లి ఏజెంటు సుధాకర్‌కు పాస్‌పోర్టు, నాలుగు ఫొటోలు ఇచ్చి ఇంట్లో కూర్చుంటే వీసా వచ్చేది. తాపీ ఎటు పట్టుకోవాలో తెలియనివాళ్లు కూడా కాగితం మీద సుతారి మేస్త్రీలై గల్ఫ్ వెళ్లిపోయారు.

ఇప్పుడు కొత్త రూల్ వచ్చింది. గోడ కట్టి చూపిస్తేనే వీసా. ఆ దెబ్బకు సుధాకర్ వీధిలోనే మూడు ఆఫీసులు షట్టర్లు దించాయి.

పొద్దున ఈ గేటు దగ్గర తన మనుషులకు వచ్చిన వరుసలో టోకెన్లు పంచి వెళ్లింది సుధాకరే. నలభై మందినే తీసుకుంటారని అప్పటికి ఆయనకూ తెలియదు.

నరేశ్ వెళ్లాలనుకున్న గల్ఫ్ కంపెనీ వీసాలకు ఇవాళే ఆఖరి రోజు. పోతే పోయినట్టే.

నరేశ్ ముందు ఒకే ఒక్క మనిషి ఉన్నాడు. తెల్లబడ్డ మీసాలు, భుజానికి రెక్సిన్ సంచి, చేతిలో నలభయ్యో టోకెన్.

నరేశ్‌కు ఒళ్లు మండింది.

"గీ వయసుల నీకెందుకే కాకా గల్ఫ్? మా అసొంటోళ్ల నోటికాడి బుక్క గుంజుకుంటున్నవ్."

పెద్దాయనకు కోపం రాలేదు.

"సుతారి పని ఎన్నేండ్ల సంది చేస్తున్నవ్ తమ్మీ?"

"పదకొండు నెలలు. అంతకుముందు సాంచాల మీద బట్ట నేసేటోణ్ని. షెడ్డు అమ్ముకున్నరు."

"పదకొండు నెల్లకే గల్ఫా?"

"ఆడ మనదిక్కు ఫోర్‌మన్ ఉన్నడట. కొత్త పోరగాళ్లను దగ్గర పెట్టుకొని పని నేర్పుతడట. సుధాకర్ సార్ చెప్పిండు. గాయన ధైర్యంతోనే పోతున్న."

పెద్దాయన కాసేపు నరేశ్ ముఖంలోకి చూశాడు.

"ఇంట్ల ఎవరెవరున్నరు?"

"అవ్వ. బీడీలు చేస్తది. నా భార్యకు ఏడో నెల. ఇయ్యాల తప్పితే నాకింక ఏ దారి లేదు కాకా."

పెద్దాయన సంచిలో చెయ్యి పెట్టి దారం చుట్టిన ఇత్తడి గుండు తీశాడు. గోడ నిలువు చూసే గుండు. వాడి వాడి నున్నబడింది.

"మూల కాడ ముందుగాల గీ గుండు ఏసి చూడు. ప్రతి వరుసకూ చూడు. ఇటుక తడపకుండ ముట్టకు. పక్కోడు ఎంత కట్టిండని చూడకు."

"నాకెందుకు చెప్తున్నవ్? లోపలికి పోయేది నువ్వు గద!"

"నలభై!" వాచ్‌మన్ పిలిచాడు.

పెద్దాయన గుండునూ టోకెన్‌నూ నరేశ్ చేతిలో పెట్టాడు.

"పో."

"మరి నువ్వు?"

"నేను రేపొస్త."

"ఇయ్యాలే ఆఖరంటున్నరు..."

"నా సంగతి వేరే. జల్ది పో బిడ్డా, గేటు మూస్తుండు."

నరేశ్ పరుగెత్తాడు. చేతులెత్తి దండం పెట్టాలని కూడా తోచలేదు.

లోపల పక్కవాళ్ల గోడలు నడుము దాకా లేస్తుంటే అతనిది ఇంకా మోకాలి దగ్గరే ఉంది. ఆరో వరుసలో ఒక ఇటుక అరవేలు బయటికి వచ్చిందని గుండు చూపించింది. తీసి మళ్లీ పెట్టాడు.

సాయంత్రం పాసైనవాళ్ల పేర్లు చదివారు. అందులో నరేశ్ పేరుంది.

బయటికి వచ్చి గేటు దగ్గర చూశాడు, బస్టాండులో వెతికాడు. పెద్దాయన ఎక్కడా కనిపించలేదు. పేరైనా అడగనందుకు తనను తానే తిట్టుకున్నాడు.

పది రోజుల తర్వాత వీసా వచ్చిందని సుధాకర్ ఫోన్ చేశాడు. నరేశ్ మెట్‌పల్లి ఆఫీసుకు వెళ్తూ గుండును కూడా తీసుకెళ్లాడు. వాళ్లవ్వ దాన్ని చింతపండుతో తోమి మెరిపించింది.

సుధాకర్ లిస్టు ముందేసుకుని కనుబొమలు ముడిచాడు.

"నలభై మీద నీ పేరెట్లెక్కింది? నీకు నలభై ఒకటి గద ఇచ్చింది. నలభై అంతయ్యకిచ్చిన!"

నరేశ్ జరిగింది చెప్పాడు. గుండును బల్ల మీద పెట్టాడు.

"ఆయన మర్నాడు పరీక్షిచ్చిండా సార్? ఇది ఆయనకు వాపస్ ఇయ్యాలె."

సుధాకర్ పెన్ను మూసి పక్కన పెట్టాడు.

"మర్నాడేంది నరేశ్? ఆయనకు గూడ గదే ఆఖరి రోజు. పందొమ్మిదేండ్లు గల్ఫ్‌ల చేసిన మనిషి. పాత వీసా ఖతం చేసుకొని కొత్తదాని మీద పోవాలని వచ్చిండు. కొత్త రూల్‌కు కొత్తోడైనా పాతోడైనా ఒకటే. పరీక్షియ్యలే, వీసా పోయింది. వయసు ఎక్కువైందని ఇంకో కంపెనీ గూడ తీసుకోదు."

నోటికాడి బుక్క అన్న తన మాటే నరేశ్ చెవిలో మోగింది. సిగ్గుతో తల పైకి లేవలేదు. అంతలో ఒక ఆశ పుట్టింది.

"సార్, ఆడ మనదిక్కు ఫోర్‌మన్ ఉన్నడన్నరు గద. కంపెనీ ఆయన మాట వింటదన్నరు. జర ఫోన్ చేసి అంతయ్య కాక సంగతి చెప్పుర్రి. ఆయన అడిగితే మల్ల వీసా ఇస్తరేమో!"

సుధాకర్ ఫోన్ ముట్టుకోలేదు. గుండుకు వేలాడుతున్న దారాన్ని నెమ్మదిగా చుట్టి, నరేశ్ వైపు జరిపాడు.

"ఏ ఫోర్‌మన్‌కు చెయ్యాలె నరేశ్? గా ఫోర్‌మన్ అంతయ్యనే."